ఫార్మాట్ కొట్టేద్దామా?

‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’ అన్న మాట ఈ వారం మళ్లీ చెవిన పడింది. విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో డీటీపీ సెంటరు నడుపుతున్న మిత్రుడి దగ్గర. పాత హార్డ్ డిస్కు కొంతకాలంగా టిక్కుటిక్కుమంటుంటే, అది పూర్తిగా పోయేలోపే మేలుకుని ఎస్‌ఎస్‌డీ కొన్నాడు. షాపు కుర్రాడు వచ్చి పాతదాన్ని ఉన్నదున్నట్టు క్లోన్ చేసి, కొత్తది బిగించి ఆన్ చేశాడు. విండోస్ రాలేదు. బూట్ అయ్యే డిస్కు పెట్టమంటూ నల్ల తెర మీద ఒక్క వాక్యం. పాత డిస్కు తగిలిస్తే అదీ అంతే. ‘పాతది కూడా పోయింది సార్, విండోస్ కొత్తగా ఎక్కించాల్సిందే’ అని తేల్చేశాడు.

నాకు ఒళ్లు మండింది. కారణం తెలిసేదాకా ఏదీ చెరపకూడదన్నది నా పాత పాటే. మిక్సీ మోటారు గురించి రాసినప్పుడూ, ఇంటి వైరింగు గురించి రాసినప్పుడూ పాడాను. మీకు విసుగొచ్చినా మళ్లీ పాడతాను.

మా అమ్మమ్మగారి ఊరు దివిసీమలో. కాలువకు చిట్టచివర ఉన్న శివారు భూములు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలారని పేపర్లో చదివాక కూడా మా బోదె ఎండి బీటలు వారే ఉండేది. నారుమళ్లు పోసుకోవాల్సిన రోజులు. కాలువ గట్టు మీద రైతులు గుమిగూడేవారు. గండి పడిందని ఒకరు, పై ఊరివాళ్లు రాత్రికి రాత్రి మళ్లించుకున్నారని ఒకరు, మన తూమే పూడిపోయింది పలుగులు తెండని ఇంకొకరు. కాలువ చూసుకునే లస్కరు మాత్రం ఎవరితోనూ వాదించేవాడు కాదు. మా తూము దగ్గర మొదలెట్టేవాడు కాదు, బ్యారేజీ దాకా పోయేవాడూ కాదు. సైకిలెక్కి సగం దూరంలో ఉన్న లాకుల దగ్గరికి వెళ్లి నీటి మట్టం చూసేవాడు. అక్కడ నీరు నిండుగా ఉంటే ఎగువ కాలువంతా బాగున్నట్టే, దాని గురించి ఇక ఆలోచన అక్కర్లేదు. మిగిలిన సగంలో మళ్లీ మధ్యకు వెళ్లేవాడు. ఒకసారి ఆయన సైకిలు వెనక కూర్చుని నేనూ వెళ్లాను. ఎండలో గట్టు వెంబడి ఆగుతూ, చూస్తూ, చివరికి ఒక షట్టరు కింద గుర్రపుడెక్క చిక్కుకుని గడ్డకట్టిన చోటు దొరికింది. దిగి లాగేశారు. ఎక్కడా పలుగు వేయలేదు. ఆయన చూపించిన వరస నాకు ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా దొరకలేదు.

బూట్ కాని కంప్యూటర్లో ఆ లాకులు బయాస్ తెర. చాలా కంప్యూటర్లలో ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కితే వస్తుంది. అక్కడ ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు కనిపిస్తే కేబులు, కరెంటు, డిస్కు మీద అనుమానం చాలావరకు తీరిపోయినట్టే. కనిపించకపోతేనే స్క్రూడ్రైవరు పట్టాలి. మిత్రుడి కంప్యూటర్లో పేరు నిక్షేపంగా ఉంది. కానీ ఆ తెర మూలన ఉన్న తేదీ ఎన్నో ఏళ్ల వెనకటిది.

దొరికింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 సెల్లు అయిపోయింది. ప్లగ్గు గోడకు ఉన్నంతకాలం అక్కణ్నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటుతో సెట్టింగులు నిలిచాయి. డిస్కు మార్చడానికి ప్లగ్గు పీకగానే అన్నీ చెరిగి, బోర్డు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకు వెళ్లిపోయింది. అతనిది విండోస్ 7, పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కించింది. డిస్కు మొదట్లో ఉండే 512 బైట్ల ముక్క నుంచి అది లేస్తుంది. బోర్డేమో ఇప్పుడు యూఈఎఫ్ఐ పద్ధతిలో ప్రత్యేకమైన ఈఎఫ్ఐ పార్టిషన్ కోసం వెతుకుతోంది. అది పాత డిస్కులో లేదు, క్లోన్‌లోనూ లేదు. అందుకే రెండూ లేవలేదు. కొత్త సెల్లు వేసి, తేదీ సరిచేసి, పాత పద్ధతికి వీలిచ్చే లెగసీ బూట్ ఆన్ చేశాం. సాటా మోడ్ కూడా పాతదానికి సరిపోయిందో లేదో చూసుకున్నాం, అది మారినా విండోస్ 7 నీలి తెర చూపి ఆగిపోతుంది. విండోస్ వచ్చింది. పేజ్‌మేకర్ వచ్చింది, అను ఫాంట్లు వచ్చాయి.

ఇక్కడ ఆపేస్తే నా పాత పాట గెలిచినట్టే. కానీ ఆ ఫోల్డర్లు చూస్తుంటే నాకు సంతోషం నిలవలేదు. ఈ ఊళ్లో అచ్చయిన కథలు, వ్యాకరణాలు, శతక వ్యాఖ్యానాలు ఎన్నో ఆ ఒక్క పెట్టెలో ఉన్నాయి. అవన్నీ యూనికోడ్ కాని అక్షరాలు. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వరసకడతాయి. తెలుగు 1991లో యూనికోడ్ మొదటి రూపంలోనే చేరింది, ఈ ఫైళ్లు మాత్రం బయటే ఉండిపోయాయి. పైగా అవి నడుస్తున్న విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ 2020 జనవరి 14తో సెలవు చెప్పింది. పాత హార్డ్ డిస్కు పోయేముందు చప్పుడు చేసి హెచ్చరించింది. ఎస్‌ఎస్‌డీ చాలాసార్లు ఏ చప్పుడూ లేకుండా ఒక ఉదయం మాయమవుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు కింది అంతస్తుల్లోని సామానంతా ఏమైందో మనం కళ్లారా చూశాం.

అందుకే మిత్రుడితో ఎప్పుడూ అనని మాట అన్నాను. ‘ఇది నడిచింది కదా అని దీన్నే పట్టుకుని వేలాడొద్దు. ఫైళ్లు మరో రెండు చోట్ల దాచు, ఒకటి ఈ ఊరి బయట ఉండాలి. తర్వాత పనంతా కొత్త మిషన్ మీద, యూనికోడ్‌లో మొదలెట్టు. దీన్ని పాత ఫైళ్లు మార్చుకోవడానికే ఉంచుకో.’

‘మారిస్తే వత్తులు ఎగిరిపోతాయి గురువుగారూ’ అన్నాడు. నిజమే. కన్వర్టర్లు చాలా పని చేస్తాయి గానీ సంయుక్తాక్షరాల దగ్గర తడబడతాయి. ప్రతి పేజీ మనిషి చదవాల్సిందే. ప్రూఫులు దిద్దడంలో ఆరితేరినవాళ్లు విజయవాడలో ఇంకా ఉన్నారు, చాలామందికి పని తగ్గింది. ప్రచురణకర్తలు పేజీకి ఇంతని ఇచ్చి వాళ్లను ఇప్పుడే పిలవాలి. మిత్రుడు ఒక శతక వ్యాఖ్యానంతో మొదలుపెడతానన్నాడు. తొలి ప్రూఫు నేనే చదువుతానని చెప్పి వచ్చాను.