జోడేఘాట్ తరువాతి శాంతి: హైమన్‌డార్ఫ్ పుస్తకాన్ని మనం ఎలా చదవాలి?

తరగతిలో కొమురం భీం కథ అడిగితే పిల్లలు గడగడా చెప్తారు. బాబేఝరీ, జోడేఘాట్, పన్నెండు గూడేలు, 1940లో భీం నేలకొరగడం. అక్కడితో ఆగిపోతారు. "తరువాత ఏమైంది?" అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. వాళ్ల తప్పు కాదు. మన పాటలూ అక్కడే ఆగుతాయి, పాఠాలూ అక్కడే ఆగుతాయి. కానీ తుపాకులు ఆగిన మరునాడు కూడా పొద్దు పొడిచింది. జొన్న విత్తాల్సిన చేను అలాగే ఉంది. ఆ చేను ఎవరిది అన్న ప్రశ్న కూడా అలాగే ఉంది.

ఆ మరునాటి కథను ఎక్కువగా రాసిపెట్టినవాడు ఆస్ట్రియాలో పుట్టిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్. 1982లో వచ్చిన ఆయన పుస్తకం 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్'ను మన ఉపాధ్యాయులు, చదువుకుంటున్న యువకులు తప్పక చదవాలి. చేతులు జోడించి కాదు, పెన్సిలు పట్టుకుని చదవాలి.

ముందు ఆ పుస్తకం బలం చెప్పుకుందాం. భీం చనిపోయాక నిజాం ప్రభుత్వానికి ఒక సంగతి అర్థమైంది. పోలీసులను పంపి గూడేన్ని అణచవచ్చు గాని, ఎందుకు తిరగబడిందో తెలియకపోతే మళ్లీ తిరగబడుతుంది. కారణం తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య బెట్టీతో మార్లవాయిలో ఉండి గోండి నేర్చుకున్నాడు. రిజర్వు అడవి గీతలు గూడేల మీదుగా గీశారని, దున్నుకుంటున్న చేన్లు రాత్రికి రాత్రే 'ఆక్రమణ' అయ్యాయని, జుల్మానాల భయంతో జనం ఊళ్లు వదిలారని, వాళ్లు వదిలిన నేల బయటివాళ్ల పేర పట్టా అయిందని రాశాడు.

ఆ నివేదికల ఫలితంగా మూడు పనులు జరిగాయి. ఒకటి, భూమి పట్టాలు. 1949 నాటికి పదకొండు వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కాయని పుస్తకం లెక్క చెప్తుంది. రెండు, చదువు. 1943లో మార్లవాయిలో కేంద్రం పెట్టి గోండు యువకులనే పంతుళ్లుగా తయారు చేశారు, గోండిలో వాచకాలు అచ్చువేశారు. మూడు, మన తగవులు మన పంచాయతీలే తీర్చుకునేలా 1946లో ప్రత్యేక చట్టం తెచ్చారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో నేటికీ జరిగే దర్బారు కూడా ఆ కాలంలో మొదలైందే.

ఈ మూడూ కలిసి రావడమే అసలు సంగతి. పట్టా చేతిలో ఉన్నా అందులో ఏ సర్వే నంబరు రాశారో చదవలేకపోతే పట్వారీ దయ మీద బతకాలి. చదువు వచ్చినా కాళ్ల కింద భూమి లేకపోతే సాహుకారు ఇంట్లో లెక్కలు రాసే గుమాస్తా ఉద్యోగమే మిగులుతుంది. రెండూ ఉండి పంచాయతీకి విలువ లేకపోతే చిన్న గట్టు తగాదా కూడా ఠాణాకు ఎక్కుతుంది. గొడవ జరిగిన చోట బతుకుదెరువు ద్వారా శాంతి తేవడం గురించి ఇప్పుడు ఎక్కడెక్కడో సదస్సులు పెడుతున్నారు. ఆ పాఠం మన మార్లవాయి బడిలో ఎనభై ఏళ్ల కిందటే ఉంది.

ఇక పుస్తకం రెండో సగం. 1970లలో హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూస్తే, తన కళ్ల ముందు పట్టాలు పొందిన కుటుంబాలే తమ చేన్లలో కూలీలుగా కనిపించాయి. రోడ్లు వచ్చాయి, పత్తి వచ్చింది, వాటి వెంట వ్యాపారి వచ్చాడు. విత్తనాలకు అప్పు, అప్పుకు కౌలు కాగితం, కౌలు కాగితం నుంచి రికార్డులో పేరు. భూమి బదలాయింపును ఆపే 1959 నాటి రెగ్యులేషన్ తెలంగాణకు 1963లో గాని రాలేదు. 1970లో దాన్ని గట్టిపరిచేసరికి చాలా నేల చేయి దాటింది. పుస్తకం వెలువడడానికి ఏడాది ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్క 13 మంది. మన పెద్దల లెక్క అంతకు ఎన్నో రెట్లు. జోడేఘాట్‌కూ ఇంద్రవెల్లికీ మధ్య నలభై ఏళ్లే.

ఎందుకిలా అయింది? హైమన్‌డార్ఫ్ జవాబు ముఖ్యంగా ఒక్కటే: మనసున్న అధికారులు పోయారు, పట్టింపు లేనివాళ్లు వచ్చారు. ఇక్కడే నాకు ఆయనతో పేచీ. అధికారి మంచితనం మీద నిలిచిన శాంతి ఆయన బదిలీ ఉత్తర్వుతోనే పోతుంది. భూమి మనకిచ్చారు సరే, రికార్డు ఎవరి దగ్గర ఉంది? పంట మనం పండించాం, కాంటా ఎవరి చేతిలో ఉంది? ఈ ప్రశ్నలు ఆయనకు గట్టిగా తట్టలేదు. ఆయన చూపులో గోండు కాపాడవలసిన పసివాడు. ఇంద్రవెల్లి సంతకు నడిచొచ్చినవాళ్లు పసివాళ్లు కారు. తమ భూమి గురించి తామే మాట్లాడాలని వచ్చినవాళ్లు.

రెండో పేచీ ఇంకా కష్టమైనది. పుస్తకంలో లంబాడాలు దాదాపు భూమి లాక్కునేవాళ్లుగానే కనిపిస్తారు. 1976లో వాళ్లు ఎస్టీ జాబితాలోకి రావడం వల్ల గోండు, కొలాం చేన్లకు రక్షణ తగ్గిందన్న ఆయన ఆందోళనను కొట్టిపారేయలేం. కానీ ఆ తండాల్లోనూ అప్పు ఉంది, ఆకలి ఉంది, వలస ఉంది. 2017 చివర మన జిల్లాలో జరిగిన గొడవలు చూసినవాళ్లం మనం. ఒకే బడిలో పిల్లలు వేరు వేరు బెంచీల మీద కూర్చున్న రోజులవి. ఈ వ్యాసం చదివేవారిలో ఇరువైపులవాళ్లూ ఉంటారు. హక్కు గురించి చట్టం ముందు వాదించుకుందాం. పొరుగువాణ్ణి దొంగ అనే మాట మాత్రం పుస్తకం నుంచి అరువు తెచ్చుకోవద్దు.

ఈ చదువు ఇవాళ మనకెందుకు? 2023 జూన్‌లో ఆసిఫాబాద్‌లో పోడు పట్టాల పంపిణీ మొదలైంది. ఉట్నూరులో మన ఆడవాళ్లు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. సంతోషమే. అయితే చప్పట్లు కొట్టేముందు ప్రతి పథకాన్నీ మూడు ప్రశ్నలు అడుగుదాం. నేల మీద, చెట్టు మీద హక్కు ఎవరిది? ధర ఎవరు చెప్తున్నారు? లెక్కల పుస్తకం మన పిల్లలు చదవగలిగే చోట ఉందా? మూడింటికీ జవాబు గూడెంలోనే దొరికితే ఆ పని నిలుస్తుంది. లేకపోతే అది మరో 1949 అవుతుంది.

ఏటా జనవరి 11న మార్లవాయిలో ఆ దంపతుల స్మారకాల దగ్గర పూలు పెడతాం. ఆ గౌరవం వాళ్లకు దక్కవలసిందే. ఈసారి పూలు పెట్టి వచ్చాక ఉపాధ్యాయులు పిల్లలకు ఒక పని చెప్పండి: మీ తాత కాలంలో పట్టా ఎవరి పేర ఉండేది, ఇవాళ ఆ చేను ఎవరు దున్నుతున్నారు, మధ్యలో ఏం జరిగింది? ఇంట్లో పెద్దలను అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకురమ్మనండి. హైమన్‌డార్ఫ్ రాయకుండా వదిలిన అధ్యాయం ఆ నోటు పుస్తకాల్లో ఉంటుంది.