సశేషం నుంచి సమాప్తం దాకా

తెలుగు నవల మొదటి నుంచీ గడువు నీడలోనే పెరిగింది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వివేకవర్ధని పత్రికలో విడతలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. 1890ల్లో చింతామణి పత్రిక నవలల పోటీలు నిర్వహించింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘రామచంద్ర విజయం’ ఆ పోటీలో బహుమతి అందుకున్నదే. ఆ తర్వాత వందేళ్లకు పైగా పోటీ ప్రకటనలు, వారపత్రికల సీరియళ్లు తెలుగు రచయితల చేత నవలలు పూర్తి చేయించాయి. కొత్తగా నవల మొదలుపెట్టేవారు ఈ సంప్రదాయం నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

మొదటి నవల రాయబోయినవారిలో ఎక్కువమంది ఆగిపోయేది కథ దొరక్క కాదు. మొదటి మూడు నాలుగు అధ్యాయాలు ఊపులో సాగిపోతాయి. నడిమి భాగానికి వచ్చేసరికి పాత్రల కొత్తదనం పోతుంది, ముగింపు ఇంకా కనుచూపు మేరలో ఉండదు. ఆ రోజు రాయకపోయినా అడిగేవారుండరు. ఈ దశలో మనసును ఎంత బుజ్జగించినా పెద్దగా ఫలితం ఉండదు. రాసింది ఫలానా రోజుకు ఫలానా మనిషి చేతికి అందాలన్న ఏర్పాటు ఉంటే మాత్రం కలం కదులుతుంది.

ఈ ఏర్పాటుకు పెద్ద ఉదాహరణ విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించిన పోటీ కోసం 1934లో ఆయన ఆశువుగా చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసుకున్నారు. 999 పుటల రాతప్రతి 29 రోజుల్లో పూర్తయిందని ప్రసిద్ధి. అంటే రోజుకు సగటున 34 పుటలు. బహుమతిని అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో పంచుకున్న ఈ నవల తర్వాత ఆంధ్రపత్రికలో సీరియల్‌గానూ వచ్చింది. ఆ వేగం అందరికీ సాధ్యం కాదు, అనుకరించాలని చూడటమూ మంచిది కాదు. ఆ 29 రోజుల వెనక ఏళ్ల తరబడి చేసిన చదువు, ఊహ ఉన్నాయి. పద్ధతిని మాత్రం గమనించాలి. ఎదురుగా కలం పట్టుకుని ఒకరు కూర్చున్నప్పుడు చెప్పేవారు ఒక వాక్యం దగ్గర గంటసేపు తచ్చాడలేరు. చెప్పిన మాట వెంటనే కాగితం మీదికి ఎక్కుతుంది, వెనక్కి వెళ్లి దిద్దాలన్న ఆశ పనిచేయదు. పైగా వాక్యం నోటితో పలికేదిగా ఉండాలి కాబట్టి గద్యానికి పలుకుబడి లయ అబ్బుతుంది. ఈ రోజుల్లో ఫోనులో రికార్డు చేసుకుని తర్వాత ఎత్తి రాసుకున్నా ఈ మేలు కొంత దక్కుతుంది.

సీరియల్ పద్ధతి దీనికంటే సామాన్యుడికి అందుబాటులో ఉండేది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో, రంగనాయకమ్మ ‘బలిపీఠం’ ఆంధ్రప్రభ వారపత్రికలో, యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో విడతలుగా వచ్చి పాఠకుల్ని ఊపేశాయి. ఒక్కో విడత అచ్చులో కొద్ది పుటలే. పైన ‘జరిగిన కథ’, చివర ‘సశేషం’. ఆ పుటల్లోనే పాత సందర్భం అందుకోవాలి, కథ ఒక అడుగైనా ముందుకు పడాలి, వచ్చే వారం దాకా మనసులో నిలిచే ప్రశ్న ఒకటి మిగలాలి. బొమ్మ వేసే చిత్రకారుడికి ముందే ప్రతి అందాలి, ఆ తర్వాత కంపోజింగు, ప్రూఫులు. రచయిత ఆలస్యం చేస్తే వీళ్లందరి పనీ ఆగుతుంది. ఇంతమంది పని తన మీద ఆధారపడి ఉందన్న ఎరుక కలిగించే క్రమశిక్షణను ఒంటరి సంకల్పం కలిగించలేదు.

‘జరిగిన కథ’ పాఠకుడి కోసం పుట్టినా, దానివల్ల ఎక్కువ మేలు రచయితకే. నవల రాస్తున్నవారు ప్రతి అధ్యాయానికి ముందు అప్పటిదాకా నడిచినదాన్ని నాలుగు వాక్యాల్లో రాసుకుంటే, దారి తప్పిన చోటు తేలిగ్గా దొరుకుతుంది. ఆ నాలుగు వాక్యాలు రాయలేకపోతే కథ ఎక్కడో చిక్కుపడిందని అర్థం. అప్పుడు ముందుకు రాయడం కన్నా ఆ ముడి విప్పుకోవడమే ఆ రోజు పని.

వారపత్రికలు చాలావరకు మూతపడ్డాక ఈ ఏర్పాటును రచయితే చేసుకోవలసి వస్తోంది. పోటీలు ఇప్పటికీ ఉన్నాయి. నల్లమల అడవికి గొర్రెల్ని తోలుకెళ్లే కాపరుల బతుకు మీద సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి రాసిన ‘కొండపొలం’ ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) 2019లో నిర్వహించిన నవలల పోటీలో బహుమతి పొందింది. ప్రతిలిపి వంటి యాప్‌లలో భాగాలుగా రాసి పాఠకుల్ని కూడగట్టుకోవచ్చు. రెండూ కుదరకపోతే, ఆదివారం ఆదివారం ఒక విడత చదివిపెట్టే మనిషి ఒక్కరున్నా చాలు. అయితే ఆ మనిషి చేయాల్సింది, విడత ఇంకా రాలేదేమని అడగడం, ఎక్కడ విసుగు పుట్టిందో చెప్పడం. పొగడ్త కోసం పెట్టుకున్న పాఠకుడితో ఈ పని జరగదు. వారానికి పది చేతిరాత పుటలు చొప్పున 26 వారాలకు 260 పుటలవుతాయి, ఒక మోస్తరు నవలకు అది సరిపోతుంది. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రాసేవారికి రోజూ ఇన్ని పుటలన్న లెక్క కన్నా వారం లెక్కే నయం. బంధువుల పెళ్లి వల్లో, పిల్లల జ్వరం వల్లో పోయిన రెండు రోజుల్ని మిగతా ఐదు రోజుల్లో పూడ్చుకోవచ్చు. ఒక వారం మొత్తం తప్పిపోతే బాకీ మోసుకుంటూ ఇరవై పుటలకు సిద్ధపడకుండా, వచ్చే వారం మామూలు పదితోనే మొదలుపెట్టడం మంచిది. బాకీ పెరిగే కొద్దీ కాగితం ముందు కూర్చోవాలంటేనే భయం పుడుతుంది.

ఈ పద్ధతికి లోపాలు లేకపోలేదు. ఆదరణ ఉన్నంతకాలం సాగదీసిన సీరియళ్లు కొల్లలు. విడత చివర ఉత్కంఠ కోసం పాత్రల స్వభావాన్ని బలిచేసినవీ ఉన్నాయి. ఒకసారి అచ్చయిన విడతను వెనక్కి తీసుకోలేకపోవడం సీరియల్ రచయితను ముందుకు నెట్టిన బలమే అయినా, పొరపాటు కూడా అక్కడే నిలిచిపోతుంది. సొంతంగా విడతలు రాసుకునేవారికి ఈ ఇబ్బంది లేదు. మొదటి ప్రతి ముగిసేదాకా దిద్దకుండా, తట్టిన మార్పుల్ని వేరే నోటుపుస్తకంలో అధ్యాయం అంకె వేసి రాసుకోవాలి. ముగిశాక దిద్దుబాటుకు మరో గడువు పెట్టుకుని ఆ పుస్తకం ముందు పెట్టుకుంటే, పాత్రల వయసులు, ఊళ్ల దూరాలు, రుతువులు సరిచూడటం, విడతల మధ్య పునరుక్తులు తీసేయడం, అవసరం లేని ఉత్కంఠలు తగ్గించడం ఒక వరుసలో సాగుతాయి.