‘అంచు’కు వెడల్పు ఎంత? పురీషనాళ క్యాన్సర్ శస్త్రచికిత్స పరిభాష: ఒక పరిశీలన

పరిభాషా నిర్మాణంపై చర్చ తరచుగా ఆంగ్లపదానికి తెలుగుమాట దొరికిందా లేదా అన్నచోటనే ఆగిపోతుంది. దొరికిన మాట ఎంత కొలతను మోయగలదన్న ప్రశ్న అరుదుగా వస్తుంది. పురీషనాళ క్యాన్సర్ శస్త్రచికిత్సలో ‘మార్జిన్’ను ‘అంచు’ అనడం ఇందుకు తగిన ఉదాహరణ.

తెలుగులో ‘అంచు’ రెండు విధాలుగా వర్తిస్తుంది. కత్తి అంచుకు వెడల్పు లేదు. చీర అంచుకు ఉంది, దానిని బెత్తెడనీ జానెడనీ చెబుతారు. శస్త్రచికిత్సకు ఈ రెండర్థాలూ కావాలి. కోత పడిన తలం ఒకటి. ఆ తలానికీ కణితికీ నడుమ మిగిలిన మంచి కణజాలపు మందం మరొకటి. పాథాలజిస్టు కోతతలానికి సిరా పూసి, సూక్ష్మదర్శినిలో ఆ సిరాకూ కణితికీ మధ్య దూరాన్ని కొలుస్తాడు. కణితి అర మిల్లీమీటరు దూరంలో ఉన్నా “అంచులో క్యాన్సర్ లేదు” అన్న వాక్యం భాషాపరంగా సత్యమే. పాథాలజీ లెక్కలో కాదు. చుట్టు అంచుకు 1 మిల్లీమీటరు గాని అంతకంటె తక్కువ గాని దూరం ఉంటే దానిని క్యాన్సర్ సోకిన అంచుగానే పరిగణించడం విస్తృతంగా అమలులో ఉన్న పద్ధతి. తదుపరి చికిత్సను నిర్ణయించేటప్పుడు వైద్యులు చూసేవాటిలో ఇది ముఖ్యమైనది.

ఏ అంచు అన్నది మరో చిక్కు. కోసి తీసిన పేగుకు రెండు కొసలున్నాయి. చుట్టూ కొవ్వు కణజాలపు ఉపరితలమూ ఉంది. చాలాకాలం దృష్టి కొసలమీదనే నిలిచింది. కణితికి దిగువన 5 సెంటీమీటర్ల మేర తీసివేయాలన్న పాత నియమం క్రమంగా 2కు, కొన్ని సందర్భాలలో 1కి తగ్గింది. 1982లో బేసింగ్‌స్టోక్‌కు చెందిన శస్త్రవైద్యుడు హీల్డ్, ఆయన సహరచయితలు పురీషనాళాన్ని చుట్టి ఉండే మెసోరెక్టమ్ అనే కొవ్వుపొరవైపు దృష్టి మళ్లించారు. వ్యాధి కటిభాగంలో తిరగబెట్టడానికి ఆచూకీ అక్కడే ఉందా అన్న ప్రశ్నార్థకంతో వారి వ్యాసశీర్షిక ముగుస్తుంది. 1986లో లీడ్స్‌కు చెందిన క్వర్క్ బృందం ‘లాన్సెట్’లో ప్రచురించిన వ్యాసశీర్షికలో ఆ సందేహం లేదు, కోత చాలకపోవడమే కారణమని అది నేరుగా ప్రకటించింది. తొలగించిన పేగును అడ్డంగా పలకలుగా కోసి పరిశీలించగా, 52 మంది రోగులలో 14 మందికి కణితి పక్క అంచుదాకా చేరింది. ఆ 14 మందిలో 12 మందికి కటిభాగంలో వ్యాధి తిరగబెట్టింది. శాస్త్రవ్యాసపు శీర్షికను సాహిత్యవిమర్శకులు సాధారణంగా పట్టించుకోరు గాని, బాధ్యతను రోగం మీదినుంచి కోత మీదికి మార్చినది ఇక్కడ శీర్షికే.

ఎప్పుడు కొలిచారన్నదీ ముఖ్యమే. కోయగానే పేగు ముడుచుకుంటుంది. ఫార్మలిన్‌లో మరికొంత కుంచించుకుపోతుంది. శస్త్రవైద్యుడు దిగువన 2 సెంటీమీటర్లు తీశానని చెప్పినా నివేదికలో అంతకు తక్కువ కనబడవచ్చు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. కొలిచిన దశను పేర్కొనని తెలుగు వివరణ మాత్రం రోగి బంధువులకు ఎవరో ఒకరిని అనుమానించక తప్పని స్థితి కల్పిస్తుంది.

మరి మాట ఏది? వరినాట్లలో మొక్కకూ మొక్కకూ మధ్య వదిలే ‘ఎడం’ మొదట స్ఫురిస్తుంది. కాని వాడుకలో ‘ఎడం చేయి’ కూడా ఉంది; కుడిఎడమలు తారుమారైతే ప్రమాదమయ్యే శస్త్రచికిత్సలో ఆ మాట పనికిరాదు. తలానికి ‘కోత అంచు’, మధ్యభాగానికి సాదా ‘దూరం’ చాలు. అప్పుడు నివేదికలోని వాక్యం ఇలా ఉంటుంది: “కణితి చుట్టుకోత అంచుకు 3 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, ఫార్మలిన్‌లో ఉంచిన తరువాత కొలిచినది.”