పేర్లు పరుగెత్తాక పడే బొమ్మ

అల్లవరంలో మా ఇంటి సావిట్లో చేరే ఆడవాళ్లకి సీరియల్ ఎప్పుడు అయిపోయిందో చెప్పేది కథ కాదు. కథ రోజూ ఎవరో ఒకరి ముఖం మీద పెద్ద మోతతో ఆగుతుంది, ఆగిందో మళ్లీ మొదలవుతుందో తెలీదు. తర్వాత పేర్లు కింది నుంచి పైకి పరుగెడతాయి. వాటి వెనక కంపెనీ బొమ్మ వస్తుంది. అది గిరగిరా తిరిగి, మెరిసి, గంట కొట్టినట్టు ఒక చప్పుడు చేసి నిలబడ్డాక గానీ మా అమ్మ పీట మీంచి లేచేది కాదు. "బొమ్మ పడింది, ఇక లేవండర్రా" అనేది. అన్నం వార్చడం, గేదెకి కుడితి పెట్టడం, మంచాలు వాల్చడం అన్నీ బొమ్మ పడ్డాకే.

టీవీ సీరియల్స్ మీద మనం తక్కువేం రాయలేదు. అత్తాకోడళ్ల కుట్రలు, మంగళసూత్రం చుట్టూ తిరిగే కథలు, ఏడుపే గుణంగా చూపించే నాయికలు... ఇవన్నీ చర్చించాం. చివరి నాలుగు సెకన్ల బొమ్మని ఎవరైనా పాఠంగా చదివారేమో నేను చదివినంతలో కనిపించలేదు. నేనూ చాలాకాలం దాన్ని సబ్బు మీద ముద్రలాగే చూశాను. అలా చూడడం మానెయ్యడానికి ఒక కారణం ఉంది, దాని దగ్గరికి వస్తాను.

మా తరానికి తెర మీద కదిలిన మొదటి ముద్ర దూరదర్శన్ కన్ను. 1976 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా చూసిన ఆ బొమ్మని గీసింది అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో చదువుకున్న దేవాశిష్ భట్టాచార్య. రెండు వంపులు చుట్టూ తిరుగుతూ వచ్చి కన్నుగా కుదురుకునేవి, వెనక రవిశంకర్, అలీ అహ్మద్ హుసేన్ ఖాన్‌ల సంగీతం. అది కార్యక్రమానికి ముందు వచ్చేది. ప్రభుత్వం కన్ను తెరిచాక మనం చూడడం మొదలుపెట్టేవాళ్లం. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చాక, మా వైపు 1996 నవంబరు తుపానులో కూలిన స్తంభాలు మళ్లీ లేచి కేబుల్ ఇళ్లలోకి దూరాక, సీరియల్ చివర నిర్మాణ సంస్థల బొమ్మలు అలవాటయ్యాయి. కన్ను పోయి సంతకం వచ్చింది. "ఇంతసేపూ మీరు చూసింది మాది" అని చెప్పే సంతకం.

ఆ సంతకాల్లో కొన్ని ఆడవాళ్లవి. రాధిక 1994లో మొదలుపెట్టిన రాడాన్ సంస్థ తమిళంలో తీసిన 'చిత్తి' (1999-2001) మనకు 'పిన్ని'గా వచ్చింది. రాడాన్ అని ఇంగ్లీషులో రాసింది మా అమ్మ చదవలేకపోయేది. అయినా "రాధిక కంపెనీ" అని ఠక్కున చెప్పేది. నటించే మనిషే కంపెనీకి యజమానురాలు కూడా అన్న విషయం ఆమెకి చాలా నచ్చింది. కొబ్బరి దింపు డబ్బులు ఏనాడూ తన చేతికి రాని ఇల్లాలికి అది చిన్న విషయం కాదు.

అదే 1994లో ముంబైలో ఏక్తా కపూర్, ఆమె తల్లి శోభ, తండ్రి జితేంద్ర పెట్టిన బాలాజీ టెలిఫిల్మ్స్ సంగతి వేరు. దాని బొమ్మ నామాలు పెట్టుకున్న మన వేంకటేశ్వరుడి ముఖం. హిందీలో 2000 నుంచి 2008 దాకా 'క్యోంకి సాస్ భీ కభీ బహూ థీ' నడిపిన ఈ సంస్థ జెమినీకి తెలుగు సీరియల్స్ కూడా తీసింది. ఆ బొమ్మ పడగానే మా సావిట్లో ఇద్దరు ముగ్గురు చెంపలు వేసుకునేవారు. ఆడదాని మీద ఆడది విషం కక్కే కథ ఇరవై నిమిషాలు నడిచాక ఆఖర్న దేవుడొచ్చి నిలబడితే ఎవరు మాత్రం ఏమనగలరు? కథ మీద రావాల్సిన కోపం భక్తిలోకి జారిపోతుంది. నాకు ఇంకా విచిత్రంగా తోచేది మరొకటి. దేశంలో అంతమంది ఆడవాళ్ల సాయంత్రాలను శాసించిన మనిషి ఒక స్త్రీ. ఆమె సంస్థ ముద్ర మాత్రం మగదేవుడి ముఖం. అధికారం ఆమెది, ముఖం ఆయనది. మన ఇళ్లలో దీనికి సరిగ్గా తిరగేసిన పద్ధతి అలవాటే. అన్నపూర్ణా స్టూడియోస్‌ని చూడండి. అక్కినేని నాగేశ్వరరావు భార్య పేరు అన్నపూర్ణ, స్టూడియో పేరూ అన్నపూర్ణ. బ్యానరు మీద పేరుండడం, కుర్చీలో కూచోవడం ఒకటి కావు. తెలుగు సినిమాలో కుర్చీలో కూచున్న ఆడమనిషంటే నాకు మొదట గుర్తొచ్చేది భరణీ పిక్చర్స్ భానుమతి.

ఈ తేడా ఇక్కడిదే కాదు. అమెరికాలో 1969లో మేరీ టైలర్ మూర్ అనే నటి, ఆమె భర్త గ్రాంట్ టింకర్ కలిసి ఎం.టి.ఎం. అనే టీవీ సంస్థ పెట్టారు. అక్షరాలు ఆమెవి, సంస్థను నడిపింది ఆయన. సినిమాల ముందు ఎం.జి.ఎం. వాళ్ల సింహం ఒక వలయంలోంచి గర్జిస్తుంది కదా, వీళ్లు తమ కార్యక్రమాల చివర అలాంటి వలయంలోనే మిమ్సీ అనే పిల్లికూనను పెట్టి మ్యావ్ అనిపించారు. పోలీసు సీరియల్ చివర దానికి పోలీసు టోపీ పెట్టారు. 'సెంట్ ఎల్స్‌వేర్' అనే ఆసుపత్రి సీరియల్‌కి డాక్టర్ల ముసుగు కట్టారు. 1988లో ఆ సీరియల్ ముగిసిన రోజు పేర్లు పడుతున్నంతసేపూ ఆ పిల్లి మంచాన పడుకుని ఉంది, చివరికి గుండె చప్పుడు చూపే గీత తిన్నగా సాగిపోయింది. సింహం ఉండే చోట పిల్లికూన మ్యావ్ అనడం చక్కని వెక్కిరింత. నాకు నవ్వొచ్చింది కూడా. కానీ వెక్కిరించడానికైనా సింహం గీసిన వలయంలోకే దూరాల్సి వచ్చింది. పైగా ఆడమనిషి పేరున్న కంపెనీకి ముద్దొచ్చే పిల్లే ఎందుకు దొరికింది?

అలాగని ఆ సంస్థను కొట్టిపారెయ్యలేను. 1970 నుంచి 1977 దాకా పెళ్లికాని ఉద్యోగిని కథ చెప్పిన 'మేరీ టైలర్ మూర్ షో'కి రాసినవాళ్లలో ట్రీవా సిల్వర్‌మన్ వంటి స్త్రీలున్నారు. 1974లో ఆమెకు రచనకి ఎమ్మీ వచ్చింది. పిల్లికూన పడేలోపు పరుగెత్తిన పేర్లలో రచయిత్రుల పేర్లుండడం, ఆ పేర్లను ఎవరో ఆపి చదవడం... నా మటుకు నాకు బొమ్మ కన్నా అదే ముఖ్యం. మన దగ్గర 1990లలో దూరదర్శన్‌లో వచ్చిన 'ఋతురాగాలు' యద్దనపూడి సులోచనారాణి రచన, మంజులా నాయుడు దర్శకత్వం. ఆ రెండు పేర్లూ మా వీధిలో అక్షరం రానివాళ్లకి కూడా తెలుసు. ఆ సీరియల్ చివర ఏ బొమ్మ పడేదో మాత్రం ఒక్కరికీ గుర్తులేదు.

ఇప్పుడు నా కారణం. హైదరాబాదులో పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో ఒక సంస్థ (పేరు అనవసరం) వాళ్ల సీరియల్‌కి మాటలు రాసిపెట్టమంది. రాత్రి పిల్లాడు పడుకున్నాక రాసేదాన్ని. పదకొండు వారాలు రాశాను. డబ్బు సగమే వచ్చింది. పేరు "రచనా సహకారం" అని చివర వేస్తామన్నారు. నా దగ్గర టీవీ లేదు. అల్లవరానికి ఫోన్ చేసి చెప్పాను. ఆ సోమవారం మా అమ్మ వీధి వీధంతా పిలిచిందట. కొబ్బరి డొక్కలు నానబెట్టే చోట పనిచేసే పెద్దావిడ కూడా చేతులు కడుక్కుని వచ్చి కూచుందట.

మర్నాడు ఫోన్‌లో అమ్మ, "పడిందే అమ్మాయ్, చూశాను. బొమ్మకి ముందే, ఆఖర్న పడింది" అంది.

వారంలో ఐదు రోజులూ అదే మాట. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆమె పక్కన కూచుని చూశాను. అమ్మకి తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు. నా పేరులో మొదటి అక్షరం పట్టుకునేంత సేపు కూడా అక్కడ ఏ పేరూ నిలవలేదు. కుట్టుపనివాళ్లు, జడలు వేసేవాళ్లు, తెరమీద ఏడ్చే ముఖానికి తెలుగు గొంతు ఇచ్చినవాళ్లు, అందరూ ఒకే వేగంతో పైకెళ్లిపోయారు. ఆ సెకన్లన్నీ ప్రకటనలకి అమ్ముకోగల సెకన్లు మరి. ఆ తర్వాత బొమ్మ వచ్చింది, తెరంతా దానిదే. నాలుగు సెకన్లు కదలకుండా నిలబడింది. నా పేరు లేదు. మర్నాడూ లేదు. అమ్మ నా వైపు చూడలేదు. "బొమ్మ పడింది, లేవండర్రా" అంది.

ఆమె అబద్ధం ఎవరి కోసం ఆడిందో నేను అడగలేదు. పిలిచి కూచోబెట్టిన వీధి కోసమా, నా కోసమా. బొమ్మనే ఎందుకు సాక్ష్యంగా తెచ్చుకుందో మాత్రం అర్థమైంది. ఆ తెర మీద ఎవరూ కాదనలేనంత సేపు నిలబడేది అదొక్కటే. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడించాల్సి వచ్చింది. సీరియల్‌లో పేర్లు తెర మీద పరుగెత్తుతూనే మాయమవుతాయి. వెతికే శ్రమ చేయడానికి ముందు, అక్కడ ఏవో పేర్లున్నాయన్న సంగతే మనకి తట్టదు. స్త్రీ స్థాపించిన సంస్థ, స్త్రీ ముద్ర అని మనం సంబరపడే ముందు ఆ ముద్ర వెనక పేర్లు ఎంత వేగంతో వెళ్తున్నాయో చూడాలని నేను అడగడం అందుకే. యజమానురాలు ఆడది అయినంత మాత్రాన ఆ వేగం తగ్గడం నా కళ్లతో నేను చూడలేదు.

ఈమధ్య అమ్మకి కళ్లు బాగా మందగించాయి. సీరియల్స్ ఫోన్‌లో చూస్తోంది, మనవడు పెట్టి ఇస్తాడు. అక్కడ ముఖం మీద మోత ఆగీ ఆగకముందే తర్వాతి వీడియో మొదలైపోతుంది. మొన్న నేనున్నప్పుడు ఫోన్ చేతిలో పట్టుకుని అలాగే కూచుంది. అయిపోయింది లేమ్మా, అన్నం తిందువుగాని అన్నాను.

"అయిపోవడమేంటే, పేర్లు వెయ్యలేదుగా" అంది.