ఇరుకు తొడుగులో పొడుగు జన్యువు

సిస్టిక్ ఫైబ్రోసిస్ జబ్బుకు మూలమైన సీఎఫ్‌టీఆర్ జన్యువు 1989లో దొరికింది. శ్వాసనాళాల లోపలి కణాల పొరలో ఉండి క్లోరైడ్ అయాన్లకు దారి ఇచ్చే చానెల్‌ను తయారుచేసేది ఈ జన్యువే. అది చెడితే కఫం చిక్కబడి జిగురులా అంటుకుపోతుంది. మంచి ప్రతిని కణంలోకి పంపితే చాలు కదా అన్న ఆశ వెంటనే పుట్టింది. పంపడానికి వైరస్ ఉండనే ఉంది. తనను తాను పెంచుకునే జన్యువులను అందులోంచి తీసేసి, ఆ ఖాళీలో మనకు కావలసినది పెడితే అదే వెక్టర్.

చిక్కంతా ఆ ఖాళీతోనే. అడినో అసోసియేటెడ్ వైరస్, పొట్టిగా ఏఏవీ, మనుషులకు రోగం తెస్తుందన్న పేరు లేనిది. కానీ దాని తొడుగులో పట్టేది సుమారు 4,700 బేస్‌లే. సీఎఫ్‌టీఆర్ ప్రొటీన్‌లో 1,480 అమైనో ఆమ్లాలున్నాయి. వాటికే 4,443 బేస్‌లు కావాలి. రెండు కొసల్లో 145 చొప్పున వైరస్ సొంత బేస్‌లు ఉండితీరాలి, లేకపోతే డీఎన్ఏ తొడుగులోకి ఎక్కదు. కూడితే 4,733. ఇక జన్యువును పనిలోకి దించే ప్రమోటర్‌కు చోటెక్కడ? 1993లో టెరెన్స్ ఫ్లాట్ బృందం ఆ కొసలే కొద్దోగొప్పో ప్రమోటర్ పని చేస్తాయని చూపింది. విడిగా ప్రమోటర్ పెట్టకుండానే చానెల్‌ను తయారుచేయించింది. ఈ రంగంలో ఇంత ముచ్చటైన పొదుపు నాకు మరొకటి కనబడదు. అయితే ఆ ప్రమోటర్ బలహీనం. ఆ వెక్టర్‌తో తర్వాత జరిపిన పెద్ద ట్రయల్‌లో రోగుల ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడలేదు.

మెదడులోని సోడియం చానెల్ జన్యువు ఎస్‌సీఎన్1ఏ ఇంకా పొడుగు: 6,000 బేస్‌లు దాటుతుంది. ఒక్క ఏఏవీలో పట్టనే పట్టదు. పైగా బాక్టీరియాలో పెంచుతున్నప్పుడే దాని డీఎన్ఏ ముక్కలు తారుమారవుతుంటాయి. అందుకని 37 డిగ్రీలకు బదులు 30 దగ్గర నిదానంగా పెంచి, జన్యువు వరుసను మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివి సరిచూసుకుంటారు. విసుగు పుట్టించే పనే, కానీ ఇక్కడ తొందరపడినవాళ్లు తప్పుడు చానెల్‌ను నెలల తరబడి కొలుస్తూ కూర్చుంటారు.

చోటు దొరికినా తలుపు దొరకాలి. అడినోవైరస్‌లో చోటు ఎక్కువే. అయితే అది పట్టుకునే గ్రాహకం శ్వాసనాళపు కణాలకు గాలి తగిలే పైవైపున కాక కిందివైపున ఉంటుంది. ఊదితే పైపైనే ఆగిపోతుంది. ఈ అనుభవంతోనే బ్రిటన్ పరిశోధకులు లెంటీవైరస్‌కు సెండాయ్ వైరస్ పైపొర ప్రొటీన్లు తొడిగారు. అవి పైవైపు నుంచే లోపలికి దూరగలవు.

జన్యువు చేరిందని చెప్పడానికి పచ్చగా వెలిగే ప్రొటీన్‌ను జోడించడం మామూలే. ఆ వెలుగును నేను సాక్ష్యంగా తీసుకోను. చానెల్ తయారై కూడా కణం లోపలే చిక్కుకుపోవచ్చు. ఉసింగ్ చాంబర్‌లో కణాల పొరను బిగించి, దాని గుండా పారే విద్యుత్తును కొలవాలి. చానెల్‌ను తెరిపించే ఫోర్స్‌కోలిన్ వేస్తే ప్రవాహం లేవాలి, చానెల్‌ను మూసే మందు వేస్తే పడిపోవాలి. వెలిగే కణాలు కొన్నే అయినా బెంగపడనక్కరలేదు. మంచి కణాలనూ చెడ్డ కణాలనూ కలిపి పెంచిన ప్రయోగంలో, మంచివి 6 నుంచి 10 శాతం ఉంటేనే పొర మొత్తం క్లోరైడ్ రవాణా దాదాపు మామూలుకు వచ్చిందని 1992లోనే తేలింది.