ఈసేవ నుంచి మన మిత్ర దాకా

కథలనీ కవితలనీ విమర్శించడం మనకి అలవాటే. ప్రభుత్వం రాసే తెలుగుని మాత్రం ఎవరూ విమర్శకి ఎత్తుకోరు. నిజానికి మన ఊళ్ళలో జనం చదవక తప్పనిది ఆ తెలుగే. అందుకని ఈసారి దాన్నే తీసుకున్నాను.

ముందు పేర్లు. 2001లో హైదరాబాదులో కరెంటు బిల్లూ నీళ్ళ బిల్లూ ఒకే చోట కట్టే ఏర్పాటుకి ‘ఈసేవ’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు ‘ఈ’, తెలుగు ‘ఈ’ ఒక్క అక్షరంలో ఒదిగిన చక్కని శ్లేష అది. 2011లో ‘మీసేవ’ వచ్చింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 161 సేవలతో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ని మొదలుపెట్టింది. ఈ, మీ, మన – ఒక్కో మెట్టూ దిగి మన పక్కనే వచ్చి కూర్చున్న మాటలివి. పేర్లు పెట్టినవాళ్ళకి తెలుగు బాగా వచ్చు, సందేహం లేదు.

ఈ సేవల మేలుని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. కులం, ఆదాయం సర్టిఫికెట్ల కోసం పనులు మానుకుని మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకి వీటి విలువ తెలుసు. నా పేచీ పేరు తరవాత వచ్చే వాక్యంతో. పని జరిగినప్పుడు ఎవరైనా తియ్యగానే మాట్లాడతారు. జరగనప్పుడు ఏమంటారన్నదే పరీక్ష.

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ సంగతి చూడండి. వేదిక అంటే నలుగురు కూడి మాట్లాడుకునే చోటు. ఇక్కడ కూడేవి మనుషులు కాదు, రికార్డులు. వేర్వేరు శాఖల్లో ఉన్న పేర్లనీ చిరునామాలనీ పోల్చి, ఫలానా కుటుంబానికి కారుందనో పొలముందనో కంప్యూటరు తేలుస్తుంది. రిక్షా తొక్కిన మనిషిని, దగ్గర పేరున్న ఒక కారు యజమానిగా లెక్కగట్టడంతో ఆ కుటుంబానికి రేషను అందని వైనం 2024లో పత్రికల్లో వచ్చింది. అంతకు ముందే, 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఇది భాషకి సంబంధించిన గొడవ కూడా. తెలుగులో ఒక్క తీరుగా రాసే ‘లక్ష్మి’ ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులు మారుస్తుందో మనకి తెలియనిది కాదు. ఇంటిపేరు ముందా వెనకా అన్నది మరో చిక్కు. పాస్‌పోర్టులో ఒకలా, పొలం పాసుబుక్కులో ఒకలా ఉండి అవస్థపడని ప్రవాస కుటుంబం అరుదు. మనకైతే నోటరీ ఉంది, ఫోనుంది, మరీ అవసరమైతే విమానముంది. ఆ రిక్షా కుటుంబానికి ఏముంది?

యంత్రం చక్కగా మాట్లాడినంత మాత్రాన నిజం చెబుతుందన్న భరోసా ఇక్కడ అమెరికాలోనూ లేదు. న్యూయార్క్ నగరం 2023లో వ్యాపారుల కోసం పెట్టిన చాట్‌బాట్, ఉద్యోగుల టిప్పుల్లో యజమాని వాటా తీసుకోవచ్చని చట్టవిరుద్ధమైన సలహా ఇచ్చినట్టు 2024లో బయటపడింది. రేపు తెలుగు నేర్చిన యంత్రం కూడా అంతే మర్యాదగా తప్పు చెప్పగలదు.

నా మటుకు నాకు ప్రభుత్వ తెలుగుకి కొలత మూడు వాక్యాలు: ఎందుకు కాదన్నారు, ఏ రికార్డు చూసి కాదన్నారు, ఎవరిని అడగాలి. బడి మెట్లెక్కని అమ్మమ్మకి చదివి వినిపించినా ఈ మూడూ అర్థమవ్వాలి. మూడో వాక్యంలో ఒక మనిషి హోదా, ఆయన కూర్చునే చోటూ ఉండాలి. పాత గుమాస్తా విసుక్కునేవాడు, చెయ్యి తడపమనేవాడు, కాదనను. కానీ “ఎందుకండీ?” అని అడగడానికి ఎదురుగా ఒక ముఖమంటూ ఉండేది.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మానాన్నల ఫోనులో ఈ సేవలు తెరిచి, కాదన్న చోట ఏం రాశారో ఓపిగ్గా చదవండి. కారణం లేకపోతే అడగండి, రాతలో అడగండి. ఇంగ్లీషులో లేని తేడా మనకి ఒకటుంది. ‘మా’ అంటే వినేవాడు బయటే ఉంటాడు, ‘మన’ అంటే వాడూ లోపలికి వస్తాడు. అంత పెద్ద మాట పేరులో పెట్టుకున్నవాళ్ళు జవాబు కూడా చెప్పాలి.