విష్ణుచిత్తుని బంతి – మన సంక్రాంతి సారె

సంక్రాంతికి పుట్టినింటివారు ఆడపడుచునకు పంపు సారెను తమిళులు శీరందురు. కొత్తబియ్యము, బెల్లము, చెఱకుగడలు, పసుపుమొక్కలు, ఒక పాత్ర. శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయము ప్రాంతములందు తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలోను ఈ ఆచారము నిలిచియున్నది. పండుగ బంతిలో పద్యము చదువుటయు నొకప్పుడు మన యాచారమే. అది మాత్రము సన్నగిల్లినది. అచట చదువదగిన పద్యములు మూడు ఆ శ్రీవిల్లిపుత్తూరు కథయందే కలవు.

శ్రీకృష్ణదేవరాయలు 16వ శతాబ్దమున రచించిన ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసమున, విష్ణుచిత్తుడు వానకాలమున, వేసవిని, చలికాలమున అతిథులకు పెట్టు భోజనములు వర్ణితములు. వీనిని నాటి వంటకముల పట్టికగా వాడుకొనుట కలదు. పట్టికకు పేర్లు చాలును. రాయలు పేర్లతో తృప్తి చెందలేదు. చలికాలపు విస్తరిలో కూర చప్పుడు చేయును, ఆవపచ్చడి ముక్కున కెక్కును, నేయి చేతిని కాల్చును. వేసవిలో అన్నము గోరువెచ్చన, అంబలి పలుచన. ఋతువు నాలుకకంటె ముందు చర్మమునకు తెలియును. అందు మిరియమే కాని మిరపకాయ లేదు. అది యింకను మన వంటయింటికి రాలేదు. (ఈ మాట చెప్పిన పిల్లలు నమ్మరు.)

నా మనస్సు నిలుచునది వానకాలపు పద్యమున. వడియములు, వరుగులు వానలో పుట్టునవి కావు. వేసవి యెండలో ఎవరో ఎండబెట్టి దాచినవి. అంతకు మించి, కన్నులకు పొగ సోకకుండునట్లు గృహిణి కొబ్బరి వంటచెఱకుతో వండినదని రాయలు చెప్పును. ఆతిథ్యకీర్తి విష్ణుచిత్తునిది, వండినది ఆమె. సామ్రాజ్యమేలిన కవి ఆ కన్నులను చూచినాడు. పాఠము చెప్పు మనము ఆతిథ్యమును మెచ్చి ఆ పొగను దాటిపోవుచున్నాము. నేనును చాల యేండ్లు అట్లే చెప్పితిని.

2006 నాటి చట్టము తమిళనాట తమిళమును నిర్బంధపాఠ్యము చేసినది. మా పిల్లలు పలువురు తెలుగు మాటలాడుదురు, చదువలేరు. అంతమాత్రమున ఈ పద్యము వారికి కఠినమని విడిచిపెట్టుట నా కిష్టము లేదు. ఒక సంక్రాంతికి దీనిని కాగితముపై వ్రాసి, ఇంటినుండి పోవు సారెలో పెట్టుడని చెప్పితిని. ఒక బాలిక సారె కట్టుచున్న అవ్వకు దానిని చదివి వినిపించినది. అవ్వకు అక్షరములు రావు. వరుగుల మాట రాగానే ఆమె చదువు నాపించి, అటకమీది కుండ దింపించి, రెండు గుప్పిళ్లు మూటలో పోసినదట.